పాప నాట్యంలో ఎదుగుతోందని ఎలా తెలుస్తుంది?

చెన్నైలో రెండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్న మీ పాప ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే, ఎన్ని ఐటమ్స్ వచ్చాయో లెక్కపెట్టకండి. ఒకే అడవును (కాళ్లూ చేతులూ కలిపి చేసే ప్రాథమిక నాట్య కదలిక) మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, చేయమనండి. మూడో కాలం వేగం మొదటిదానికి నాలుగింతలు. అక్కడే అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) లేచిపోతుంది, మోకాళ్లు ముందుకొచ్చేస్తాయి, చేతులు సగంలోనే ఆగిపోతాయి. ఇవేవీ చెదరకపోతే పునాది గట్టిదే, నిజంగా సంతోషించాల్సిన విషయం.

ఆదితాళం తనే వేస్తూ జతి (తకధిమి లాంటి లయ పలుకుల వరుస) చెప్పమనండి. 8 అక్షరాల (తాళం లెక్కల) ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, తిరిగి సమానికి, అంటే చుట్టు మొదలయ్యే దెబ్బకి, సరిగ్గా వచ్చి పడాలి.

28 అసంయుత హస్తాలు (ఒంటి చేతి ముద్రలు) అప్పజెప్పడం జ్ఞాపకశక్తి మాత్రమే. వాటిలో ఒకటైన పతాకంతో (వేళ్లు కలిపి చాపిన అరచేయి) అల, తలుపు, చెంపదెబ్బ సొంతంగా చూపిస్తోందా? అది చూడండి.

మూడు నెలలకోసారి అదే అడవు వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పక్కింటి పిల్లతో మాత్రం పోల్చొద్దు, దయచేసి.