గట్టు తగువు: పెద్దల్లో పెట్టాలా, కోర్టుకెళ్లాలా?

మీ నాన్నగారికీ పెదనాన్నగారికీ గట్టు దగ్గర తగువు వచ్చింది, మాటల్లేవు, పెద్దల్లో పెట్టాలా కోర్టుకెళ్లాలా అని అడిగారు. ముందు పెద్దల్లోనే పెట్టండి. కానీ అక్కడ కుదిరిన మాటను లోక్ అదాలత్‌లో, అంటే తగువులను రాజీతో తేల్చే ప్రభుత్వ న్యాయవేదికలో, అవార్డు (రాజీ తీర్పు) చేయించుకునేదాకా వదలొద్దు. మేం ఇది ఆలస్యంగా తెలుసుకున్నాం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. నాన్నకూ చిన్నాన్నకూ గట్టు మీది కొబ్బరిచెట్లే హద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు అవన్నీ వేళ్లతో సహా లేచిపోయాయి. మళ్లీ మొక్కలు వేసేటప్పుడు నాన్న తాడు పట్టింది ఒక చోట, చిన్నాన్న చూపించింది ఇంకో చోట. తేడా రెండు మూరలు. దానికి మూడేళ్లు ఒకరింటి శుభకార్యానికి ఒకరు వెళ్లలేదు.

మొదటిసారి రామమందిరం అరుగు మీద కూర్చున్నారు. పెద్దల్లో ఒకాయన చిన్నాన్నకు వియ్యంకుడు. నలుగురి ముందూ నాన్నదే తప్పని తేల్చి, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించారు. నాన్న సంతకం పెట్టాడు గానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వానలు పడేసరికి గొడవ మళ్లీ మొదటికొచ్చింది.

రెండోసారి మా మేనత్త పూనుకుంది. ఇద్దరికీ చుట్టరికం లేని ఒక రిటైర్డ్ మాస్టారిని తీసుకొచ్చింది. ఆయన ఇద్దరితోనూ విడివిడిగా, తొందరపెట్టకుండా మాట్లాడారు. అప్పుడు తెలిసింది, చిన్నాన్న బాధ గట్టు గురించి కాదని. పడిపోయిన చెట్లకు పరిహారం నాన్న పాస్‌బుక్ మీద వచ్చింది, గట్టు చెట్లలో తన వాటా ఊసే నాన్న ఎత్తలేదు. ఆ డబ్బుతో ఇద్దరికీ మొక్కలు కొందామని నాన్న అనుకున్నాడు, కానీ ఆ మాట తమ్ముడితో ఒక్కసారీ అనలేదు. మాస్టారు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అదే చెప్పించారు. చిన్నాన్న తలవంచుకుని, "ముందే చెప్పుంటే సరిపోయేది కదా అన్నయ్యా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత పని సులువైంది. మీసేవలో దరఖాస్తు పెట్టి సర్వేయర్‌తో కొలిపించాం. ఇద్దరూ ఒప్పుకున్నది రాసుకుని, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లాం. ఫీజు లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం అక్కడిచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో (అమలు చేయించుకోగల తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అరుగు మీద రాసిన కాగితానికి ఆ బలం లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు ఇస్తారు, బలవంతం చేయరు.

మీది బొబ్బిలి వైపు అన్నారు కాబట్టి, విజయనగరం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ఇంట్లో ఆడవాళ్లను కొట్టే గొడవైతే అరుగు దగ్గరికి తీసుకెళ్లొద్దు. సర్దుకుపొమ్మనే తీర్పులు అక్కడ చాలా చూశాను. అలాంటప్పుడు నేరుగా 15100కే చేయండి.

మీ నాన్నగారూ పెదనాన్నగారూ ఇద్దరూ మాట కాదనలేని ఆడపడుచు ఎవరైనా ఉంటే, పెద్దల కంటే ముందు ఆవిడ దగ్గరికి వెళ్లండి.