షెరీఫ్ గుద్దుకు చప్పుడెక్కడిది?

ప్రశ్న: నటుడు బడ్ స్పెన్సర్ షెరీఫ్‌గా (అమెరికా పోలీసు అధికారిగా), పక్కన గ్రహాంతరవాసి పిల్లాడితో కనిపించే ఇటాలియన్ సినిమా చూశాం. పెదాలకూ మాటలకూ పొంతనే లేదు. ప్రింటు లోపమా?

జవాబు: కాదండీ. అది 1979లో మికేలె లూపో తీసిన సినిమా. కథ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జరుగుతుంది. ఆ పిల్లాడు కేరీ గఫీ. అంతకు రెండేళ్ల ముందు స్పీల్‌బర్గ్ సినిమాలోనూ చేశాడు. ఆ రోజుల్లో ఇటలీలో మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పించడమే రివాజు. సెట్లో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడినా చెల్లిపోయేది. స్పెన్సర్‌కే చాలా సినిమాల్లో ఇటాలియన్ గొంతు గ్లాకో ఒనొరాటోది! కాబట్టి ఏ భాషలో చూసినా ఎవరో ఒకరి పెదాలు కలవవు.

ప్రశ్న: ఆ సినిమాలో ఉన్నలాంటి కొట్లాట పిల్లలతో షూట్ చేయాలనుంది. దెబ్బ తగలకుండా ఎలా?

జవాబు: ముందు కెమెరా చోటు తేల్చుకోండి. కొట్టేవాడి వీపు వెనక గానీ, దెబ్బ తినేవాడి వీపు వెనక గానీ పెట్టాలి. పక్కనుంచి తీశారో, పిడికిలికీ దవడకూ మధ్య ఖాళీ ఇట్టే దొరికిపోతుంది. ఆ ఖాళీ కనీసం మూరెడు ఉండనివ్వండి. కెమెరాను దూరం జరిపి, జూమ్ చేసి తీస్తే ఆ దూరం తెరమీద కనబడదు. వైడ్ లెన్స్ మాత్రం వద్దు, దూరాన్ని ఇంకా పెంచి చూపిస్తుంది.

ఇద్దరూ కళ్లలోకి చూసుకున్నాకే చెయ్యి లేవాలి. పిడికిలి ముఖం ముందునుంచి అడ్డంగా దాటాలి తప్ప ముఖంవైపు దూసుకురాకూడదు. అది దాటే క్షణంలోనే రెండోవాడు తల విదల్చాలి. పిల్లలు భయంతో ముందే తల తిప్పేస్తారు, షాటు చెడేది ఎక్కువగా అక్కడే. సగం వేగంతో చేయిస్తూ అలవాటయ్యాక వేగం పెంచండి.

సగం పని చప్పుడుదే. మందపాటి తోలు మీదో, మడతపెట్టిన తడి గుడ్డ మీదో కొట్టి విడిగా రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో దాన్ని తల కదలడం మొదలైన ఫ్రేము మీదే పెట్టాలి. 24 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. నాలుగైదు ఫ్రేములు తప్పితే దెబ్బ ఉత్తుత్తిదని తెలిసిపోతుంది.

ప్రశ్న: 1960ల ఇటాలియన్ వెస్టర్న్‌లలో (కౌబాయ్ సినిమాల్లో) బొమ్మ గరుకుగా ఉంటుందేం?

జవాబు: వాటిలో చాలావాటిని టెక్నిస్కోప్ అనే ఫిల్మ్ పొదుపు పద్ధతిలో తీశారు. ఫిల్మ్ అంచున వరసగా రంధ్రాలుంటాయి కదా, ఇందులో ఫ్రేముకు నాలుగు రంధ్రాల బదులు రెండు రంధ్రాల ఎత్తు ఫిల్మే వాడతారు. 11 నిమిషాల రీలు 22 నిమిషాలు వస్తుంది. చిన్న బొమ్మను ఎక్కువగా పెద్దది చేయాల్సి రావడంతో గ్రెయిన్ (ఫిల్మ్‌లోని సన్నటి రేణువులు) పైకి తేలుతుంది.