కంపెనీ నమోదుకు ముందు రాసుకున్న ఒప్పందం: దావా ఒంగోలులోనా, చెన్నైలోనా?

సందేహం: మాది చీమకుర్తి. గ్రానైటు బ్లాకుల వ్యాపారం చేస్తాను. 2024 జనవరిలో ఇద్దరు వ్యక్తులు ఒంగోలులో నాతో స్టాంపు కాగితంపై ఒప్పందం రాసుకుని, ‘నమోదు కాబోయే కంపెనీ తరఫున’ అని సంతకాలు చేశారు. ఫిబ్రవరిలో ఒక లోడు, జూన్‌లో ఒక లోడు పంపాను. మధ్యలో, మే నెలలో, చెన్నై చిరునామాతో కంపెనీ నమోదైంది. కంపెనీ ఖాతా నుంచి 10 లక్షలు వచ్చాయి, ఇంకా 14 లక్షలు రావాలి. అడిగితే, కంపెనీ పుట్టక ముందు రాసిన కాగితం తమకు చెల్లదనీ, కాదంటే చెన్నైలో దావా వేసుకోమనీ అంటున్నారు. నేనేం చేయాలి?

సలహా: దావా ఎక్కడ వేయాలన్నది తేలాలంటే ముందు ఎవరిపై వేయాలో తేలాలి. పుట్టని కంపెనీకి ఏజెంటు ఉండడు, కాబట్టి నమోదైన తరువాత ఆ పాత ఒప్పందాన్ని కంపెనీ ఆమోదించినంత మాత్రాన అది మొదటి నుంచీ తనదైపోదు. అయితే దీని అర్థం మీ బాకీకి బాధ్యులే లేరని కాదు. 1866 నాటి కెల్నర్ వర్సెస్ బాక్స్‌టర్ కేసులో, ఇంకా ఏర్పడని హోటల్ కంపెనీ కోసం ద్రాక్షసారా కొన్నవారే స్వయంగా డబ్బు కట్టాలని ఇంగ్లండు కోర్టు తీర్పు చెప్పింది. మన కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ కూడా, యజమాని (ఏజెంటు ఎవరి తరఫున ఒప్పందం చేశాడో వారు) పేరు చెప్పినా అతనిపై దావా వేయడానికి వీలులేనప్పుడు, సంతకం చేసిన ఏజెంటే కట్టుబడినట్టు భావిస్తుంది. కాబట్టి ఆ ఇద్దరూ ప్రతివాదులవుతారు.

కంపెనీని కూడా వదలవద్దు. జూన్ లోడు కంపెనీ ఏర్పడిన తరువాతే దిగింది, డబ్బు దాని ఖాతా నుంచే వచ్చింది. ఇన్‌వాయిస్, వే బిల్లు కంపెనీ పేరున ఉంటే, కొత్తగా ఒప్పందం కుదిరిందని వాదించవచ్చు. అది నిలవకపోయినా, ఉచితంగా ఇవ్వాలనే ఉద్దేశం లేకుండా ఇచ్చిన సరుకును వాడుకున్నవారు పరిహారం ఇవ్వాలని అదే కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది. అన్నిటికన్నా బలమైన ఆధారం, ఒప్పందాన్ని స్వీకరించామని కంపెనీ మీకు రాసిన ఉత్తరమో, మెయిలో. దానికోసం మీ ఫోన్లో ఓపికగా వెతకండి.

ఇక పరిధి విషయానికి వస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ ప్రకారం దావాకు కారణమైన సంఘటనల్లో కొంత భాగమైనా జరిగిన చోట దావా వేయవచ్చు. ఒప్పందం ఒంగోలులో జరిగింది, సరుకు చీమకుర్తిలో లారీ ఎక్కింది. కాబట్టి కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉన్నదన్న ఒక్క కారణంతో మీరు అక్కడికి పోనవసరం లేదు. అయితే కాగితం చివర ‘చెన్నై కోర్టులకు మాత్రమే అధికారం’ అనే మాట ఉందేమో జాగ్రత్తగా చూడండి. ఏ సంబంధమూ లేని కోర్టుకు పార్టీల అంగీకారం అధికారం తెచ్చిపెట్టదు గానీ, సహజంగా అధికారమున్న రెండు కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకుంటే ఆ ఎంపిక చెల్లుతుంది. కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉన్నందున ఆ మాట మీకు అడ్డం కావచ్చు. కంపెనీ వ్యవహారం కనుక జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కే వెళ్లాలని ఎవరైనా అంటే నమ్మవద్దు. సరుకు ధర రాబట్టుకునే దావా సివిల్ కోర్టు పరిధిలోనిదే.

మొత్తం 3 లక్షలు దాటింది కాబట్టి ఇది వాణిజ్య వివాదం అవుతుంది. అత్యవసర ఉత్తర్వులు కోరకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం (మీడియేషన్) తప్పనిసరి. ఆ గడిచిన కాలం కాలపరిమితిలో లెక్కకు రాదు. అయినా ఆలస్యం చేయవద్దు: అప్పు గడువు రాసుకోకపోతే సరుకు అప్పగించిన రోజు నుంచి 3 ఏళ్లే, అంటే ఫిబ్రవరి లోడుకు 2027 ఫిబ్రవరి వరకే సమయం. ఈలోగా ‘ఇకపై కంపెనీదే బాధ్యత’ అని రాసిన ఏ కాగితం మీదా సంతకం చేయవద్దు. చేస్తే ఆ ఇద్దరూ తప్పుకోవడానికి మీరే దారి ఇచ్చినట్టవుతుంది.