షెడ్డు కబుర్లు: ఎడమ చక్రమే ఎందుకంత నల్లబడింది?

ప్రశ్న: మాస్టారూ, మా కారు కొని 2 ఏళ్లయింది. ముచ్చటపడి, కాస్త ఎక్కువ డబ్బు పెట్టి అల్లాయ్ చక్రాలున్న బండి తీసుకున్నాం. పోయిన నెల తిరుమల వెళ్లి వచ్చాక ముందు చక్రాలు మసి పూసినట్టు తయారయ్యాయి. నీళ్లు కొట్టినా, సబ్బు పెట్టినా వదలడం లేదు. వెనకవి శుభ్రంగానే ఉన్నాయి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోయమని పక్కింటాయన, చింతపండు పెట్టి తోమమని మా అత్తగారు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు? అన్నట్టు, ముందు రెండింటిలో ఎడమ వైపుది మరీ నల్లగా ఉంది.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే. దాని దగ్గరికి వస్తాను. ముందుగా ఆ యాసిడ్ సీసాను ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడే పెట్టి రండి.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు షెడ్డు ఉన్న రోజుల్లో కొత్తగా చేరిన కుర్రవాడొకడు, నేను టీ తాగి వచ్చేలోగా ఒకరి అల్లాయ్ చక్రాల మీద సరిగ్గా ఆ యాసిడే పోశాడు. నలుపు పోయింది. దానితోపాటే మెరుపూ పోయి, సున్నం చిమ్మినట్టు తెల్లటి మచ్చలు తేలాయి. చక్రం నట్లకు తుప్పు పట్టింది. నాలుగు చక్రాలకూ మళ్లీ రంగు వేయించిన ఖర్చు నాదే. ఆ కుర్రవాడు ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాడు, యాసిడ్‌ను గుమ్మం తొక్కనివ్వడు.

మీ అత్తగారి చింతపండు అంత ప్రమాదకారి కాదు గానీ, దానికి ఇక్కడ పని లేదు. ఇత్తడి చెంబు మీది చిలుమును పులుపు కరిగిస్తుంది. మీ చక్రంలో చేతికి తగిలేది లోహం కాదు, దాని మీద వేసిన పారదర్శకమైన పూత. పీచుతో, ఈనెలతో తోమితే ఆ పూత గీతలు పడుతుంది. చింతపండును పులుసుకే ఉంచమనండి.

ఇంతకీ ఆ నలుపు రోడ్డు మీది మట్టి కాదు. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లు పోత ఇనుప డిస్కును ఒరుసుకుంటాయి, రెండూ అరుగుతాయి. ఇనుప రజను, కర్బనం, ప్యాడ్‌లోని రెసిన్ కలిసిన ఆ పొడి వేడివేడిగా ఎగిరి చక్రానికి అతుక్కుంటుంది. తేమ తగిలిందంటే ఇనుము తుప్పుపట్టి పూతను కరుచుకుంటుంది, ఇక సబ్బుకు లొంగదు. తిరుమల నుంచి దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకూ బ్రేకే. ఈసారి రెండో గేరులో దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వెనక మీ బండికి డ్రమ్ బ్రేకులై ఉంటాయి, పొడి డ్రమ్ములోనే ఉండిపోతుంది. పైగా బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది కనుక ఎక్కువ పని ముందు బ్రేకులదే.

కడగడం పొద్దున్నే, చక్రం చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఎండు పొడిని గాలి కొట్టి లేపకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు నీళ్లతో తడపండి. తర్వాత కారు షాంపూ. ఈ పనికి బకెట్టు, గుడ్డ విడిగా ఉండాలి, ఎందుకంటే ఆ ఇనుప రజను గుడ్డకు అంటుకుని తలుపుల మీదికి వెళ్లిందంటే అక్కడా గీతలే. నట్ల గుంటల్లోకి మెత్తని పెయింటు బ్రష్షు బాగా వెళ్తుంది. దాని రేకు పట్టీ చుట్టూ టేపు చుట్టండి. స్టీలు పీచు, గిన్నెలు తోమే పొడి వద్దు.

అప్పటికీ వదలని దానికి కారు సామాన్ల దుకాణంలో ఐరన్ రిమూవర్ అని అడగండి. యాసిడ్ కానిదే ఇమ్మనండి. చల్లిన కాసేపటికి ఇనుము ఉన్న చోటల్లా ఊదారంగు ధారలు కారతాయి, చూడ్డానికి వేడుకగానే ఉంటుంది. వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్డు. చేతికి గ్లవుజులు వేసుకోండి. 3, 4 నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే కడిగేయండి. మచ్చలు మిగిలితే ఇంకోసారి. పూర్తిగా తుడిచాక చక్రానికి మైనం పట్టిస్తే వచ్చేసారి నీళ్లకే చాలావరకు పోతుంది, కానీ డిస్కు మీద చుక్క కూడా పడకూడదు. ఆ తర్వాత బండిని మెల్లగా కదిలించి రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి తడి ఆరనివ్వండి.

ఇప్పుడు ఆ ఎడమ చక్రం. రెండు వైపులా కొద్దిపాటి తేడా మామూలే. చూడగానే తెలిసేంత తేడా ఉంటే ప్యాడ్లను డిస్కుకు అదిమి పట్టే కాలిపర్ అనే భాగంలో పిన్ను బిగుసుకుపోయి, మీరు కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలడం లేదేమో చూడాలి. ఖాళీ రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి, దిగి, రెండు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టండి. తాకకండి, దగ్గర పెడితే చాలు. ఎడమది సెగలు కక్కుతుంటే జబ్బు అక్కడే. రెండూ ఒకేలా ఉండి, బ్రేకు వేసినప్పుడు మాత్రం బండి ఎడమకు లాగుతుంటే, అనుమానం శుభ్రంగా కనిపిస్తున్న కుడి చక్రం మీదకు వెళ్తుంది: అది సరిగ్గా పట్టడం లేదు, భారమంతా ఎడమది మోస్తోంది. మెకానిక్ దగ్గరికి వెళ్లి రెండు కాలిపర్లూ విప్పి చూడమనండి. చాలాసార్లు పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడంతో పోతుంది. ముందు ఈ పని చేయించండి, కడగడం తర్వాత.

ప్రశ్న: నల్లపొడి రాని బ్రేక్ ప్యాడ్లు దొరుకుతాయా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అసలు రానివి లేవు, అరగని ప్యాడ్ బండిని ఆపదు. సిరామిక్ ప్యాడ్ల పొడి తక్కువ, రంగు కూడా లేత. ధర ఎక్కువ. చక్రాల అందం కోసం మంచి ప్యాడ్లు తీసి పారేయకండి. ఇప్పుడున్నవి అరిగాక, మీ మోడల్‌కు సరిపడేవి ఉంటేనే వేయించండి.