లైకులు సరే, మీ పనేంటో కనిపిస్తోందా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు, గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నాను. పర్సనల్ బ్రాండ్, అంటే ఫలానా పనికి ఫలానా మనిషి అనే పేరు, లేకపోతే ఈ రోజుల్లో ఉద్యోగాలు రావని సీనియర్లు అంటుంటే ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ మొదలుపెట్టాను. ట్రెండింగ్‌లో ఉన్న పాటలకు రీల్స్ కూడా చేస్తున్నాను. అయినా ఫాలోవర్లు పెరగట్లేదు. పోస్ట్ పెట్టిన దగ్గర్నుంచి లైకులు చూసుకోవడమే పనైపోయింది, ఒకటే టెన్షన్. ఫాలోవర్లను కొనుక్కోమని ఫ్రెండ్స్ సలహా ఇస్తున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆ విషయం తేల్చేసుకుందాం. అలా అమ్మేవాటిలో చాలావరకు దొంగ అకౌంట్లే, అవి మీ పోస్ట్ దగ్గర ఆగవు, సేవ్ చేసుకోవు, ఇంకొకరికి పంపవు. ఈ యాప్‌లు సాధారణంగా మీ పోస్టును ముందు కొంతమందికి చూపించి, వాళ్లు ఏం చేశారన్నదాన్ని చూసుకునే మిగతావాళ్లకు చూపిస్తాయి కాబట్టి, ఆ కొంతమందిలో ఉలుకూ పలుకూ లేని అకౌంట్లు నిండిపోతే మీ పని నిజంగా నచ్చే మనుషుల దాకా అది వెళ్లడమే కష్టమవుతుంది. పైగా ఇది యాప్‌ల నిబంధనలకు విరుద్ధం. ఉద్యోగం ఇచ్చేవాళ్లు కూడా అమాయకులు కారు, 50 వేల మంది ఫాలోవర్లు, పోస్టుకు 20 లైకులు కనిపిస్తే సంగతి ఇట్టే పట్టేస్తారు.

సీనియర్లు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. కానీ పర్సనల్ బ్రాండ్ అనే ఆలోచన ఇన్‌స్టాగ్రామ్ కంటే పాతది. 1997లో టామ్ పీటర్స్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు ఒక వ్యాపార పత్రికలో రాసిన వ్యాసంతో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. అప్పటికి ఫేస్‌బుక్ లేదు, యూట్యూబ్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ రావడానికి ఇంకా 13 ఏళ్లుంది. లెక్కపెట్టుకోవడానికి లైకులే లేని కాలం కాబట్టి, పక్కవాళ్ల కంటే మీరు భిన్నంగా, బాగా చేసేదేమిటి అన్నదే అక్కడ అసలు ప్రశ్న. నన్నడిగితే ఇప్పటికీ అదే అసలు ప్రశ్న.

మిమ్మల్ని బొత్తిగా ఎరగని మనిషి మీ పేజీ తెరిచాడనుకోండి. పైన ‘డ్రీమర్, క్రియేటర్’ అని ఉంది, కింద వరసగా పాటలకు రీల్స్. మీరు డిజైనర్ అని ఆయనకెలా తెలుస్తుంది? ‘చిన్న వ్యాపారాలకు లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు చేస్తాను’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, పని అవసరమైనవాళ్లు అక్కడే ఆగుతారు.

పోస్టుల విషయానికొస్తే, పూర్తయిన పోస్టర్ ఒక్కటే పెట్టి ‘నా లేటెస్ట్ వర్క్’ అని వదిలేయకండి. ఏదో సంగీత కార్యక్రమానికి పోస్టర్ చేశారనుకుందాం, మొదటి డ్రాఫ్ట్ కూడా పక్కనే పెట్టండి: అందులో గాయని ఫొటో పెద్దగా వచ్చింది గానీ తేదీ ఫోన్ తెరమీద కనిపించట్లేదు, రెండోసారి ఫొటోను పక్కకు జరిపి తేదీని పైకి తెచ్చారు, తీరా చూస్తే పసుపు మీద తెల్లక్షరాలు చదవలేకపోతున్నారు, అందుకని రంగు మార్చారు. ఇంతే రాయండి, పెద్ద భాష అక్కర్లేదు. అది చదివినవాళ్లకు మీ చేతి పనితోపాటు మీ ఆలోచన కూడా తెలుస్తుంది, జీతమిచ్చేవాళ్లు ఎక్కువగా వెతికేది దానికోసమే. (వేరేవాళ్ల కోసం చేసిన పనైతే వాళ్లనడిగి పెట్టండి.) మీలాంటి పని చేసేవాళ్ల పోస్టుల కింద ‘సూపర్’ అని కాకుండా ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో రాయండి. మీ రంగంలో ఒక 40 మందికి మీ పేరు గుర్తుంటే అవకాశాలు అటునుంచి వచ్చే వీలు చాలా ఎక్కువ.

టెన్షన్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. లైకుల సంఖ్య కనపడకుండా పెట్టుకునే సెట్టింగ్ ఇన్‌స్టాగ్రామ్ 2021లో ఇచ్చింది, ఇవాళే పెట్టుకోండి. నోటిఫికేషన్లు కూడా ఆపేయండి. అలా చేసినా నిద్ర పట్టనంత ఆందోళనగా ఉంటే కొన్నాళ్లు పేజీ మూసేయండి, ఏమీ మునిగిపోదు.

ప్రశ్న: పదిహేడేళ్లప్పుడు ఆవేశంలో పెట్టిన పోస్టులు ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఉద్యోగానికి అప్లై చేస్తున్నాను. తీసేస్తే తప్పా?

జవాబు: తప్పేం లేదు, తీసేయండి. పాత పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కు మాత్రమే కనిపించేలా మార్చే వీలు ఫేస్‌బుక్‌లో ఉంది. అయితే స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. ఎవరైనా అడిగితే నేను రాయలేదని మాత్రం అనకండి. ‘అప్పుడలా అనుకున్నాను, ఇప్పుడలా అనుకోవట్లేదు’ అని చెప్పండి. ఎవరినైనా పేరు పెట్టి నొప్పించి ఉంటే వాళ్లకు విడిగా క్షమాపణ చెప్పండి, దాన్ని మళ్లీ పోస్టుగా పెట్టొద్దు.

ప్రశ్న: నా వీడియోలన్నీ ఒక్క యాప్‌లోనే ఉన్నాయి, ఫాలోవర్లు బాగానే ఉన్నారు. వేరేచోట కూడా మొదలుపెట్టాలా?

జవాబు: పెట్టాలి, ఆలస్యం చేయకండి. వైన్ అని ఆరు సెకన్ల వీడియోల యాప్ ఉండేది. 2013లో వచ్చి, కుర్రవాళ్లను ఎంతోమందిని స్టార్లను చేసి, 2016 అక్టోబరులో మూసేస్తున్నామని చెప్పి 2017 జనవరిలో ఆగిపోయింది. యూట్యూబ్‌లో అప్పటికే చోటు చేసుకున్నవాళ్లు నిలదొక్కుకున్నారు, వైన్‌నే నమ్ముకున్నవాళ్లు మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. యాప్ మూతపడకపోయినా మీ అకౌంట్ హ్యాక్ అవ్వొచ్చు, పొరపాటున బ్లాక్ అవ్వొచ్చు. అందుకని ఒరిజినల్ వీడియోలు మీ హార్డ్ డిస్క్‌లో దాచుకోండి, మీ పేరుతో చిన్న వెబ్‌సైట్ ఒకటి పెట్టుకుని, ఇష్టపడి ఇచ్చినవాళ్ల ఈమెయిళ్లు తీసుకోండి, ఏ యాప్ ఉన్నా పోయినా వాళ్లకు మీరే రాసుకోవచ్చు. అన్నిటికంటే ముందు టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేయండి, ఫోన్ పోయినా అకౌంట్ తెరుచుకోవడానికి యాప్ ఇచ్చే రికవరీ కోడ్లు కాగితం మీద రాసి పెట్టుకోండి.