క్రూడ్ యూనిట్‌లో చేరబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

విశాఖ రిఫైనరీలో ట్రైనీగా చేరావని, క్రూడ్ (ముడి చమురు) యూనిట్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 1957లో కాల్టెక్స్ వాళ్లు మొదలుపెట్టిన ప్లాంటు అది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. అన్ని పైపులు ఎలా గుర్తుంటాయోనని నీకు టెన్షన్‌గా ఉందట. పైపుల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు వేడి లెక్క పట్టుకో.

అసలు చమురు పుట్టిందే వేడి వల్ల. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన నాచు, కంటికి ఆనని జీవులు చచ్చి అడుగు బురదలో పడ్డాయి. ఆక్సిజన్ అందక పూర్తిగా కుళ్లలేదు. మీద మట్టి పేరుకునేకొద్దీ లోతుకు దిగి, ముందు కెరోజెన్ అనే గట్టి పదార్థంగా మారాయి. సుమారు 60 నుంచి 120 డిగ్రీల దగ్గర అది నిదానంగా చమురైంది. ఇంకా కాగితే గ్యాసే. డైనోసార్లు కరిగి పెట్రోలైందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

ఇక మీ యూనిట్. అందరూ క్రూడ్‌ను వాటాలుగా విడదీసే పెద్ద టవర్, అదే కాలమ్, వైపే చూస్తారు. నువ్వు ఉప్పు తీసే డీసాల్టర్‌తో మొదలుపెట్టు. క్రూడ్‌లోని ఉప్పు అక్కడ పోకపోతే, ముందు ముందు వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి కాలమ్ పై భాగంలోని లైన్లను తినేస్తుంది. ఆ తర్వాత ఫర్నేస్‌లో క్రూడ్ దాదాపు 360 డిగ్రీలకు చేరి కాలమ్‌లోకి వెళ్తుంది. పైన గ్యాసు, పెట్రోలుకు మూలమైన నాఫ్తా, కిందికి వచ్చేకొద్దీ కిరోసిన్, డీజిల్. విమాన ఇంధనం కూడా ఆ కిరోసిన్ వాటాలోంచే. నాఫ్తాని నేరుగా బండిలో పోయలేరు, ఆక్టేన్ (ఇంజిన్‌లో ముందే అంటుకోకుండా నిలిచే గుణం) పెంచడానికి రిఫార్మర్ అనే యూనిట్‌కి పంపాలి.

అడుగున మిగిలినదాన్ని ఇంకాస్త కాచి మరిగించొచ్చు కదా అనిపిస్తుంది. కూడదు. అంతకు మించి వేడిచేస్తే అణువులు విరిగి, బొగ్గులాంటి కోక్ కట్టి ఫర్నేస్ ట్యూబులు పూడుకుపోతాయి. అందుకే వ్యాక్యూమ్ కాలమ్. ఒత్తిడి తగ్గిస్తే అంత వేడి అక్కర్లేకుండానే మరుగుతుంది. ఈ ఒక్క ముక్క సరిగా అర్థమైతే యూనిట్ సగం వచ్చినట్టే.

ఒక విషయంలో మాత్రం మొహమాటపడకు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, కానీ మోతాదు పెరిగితే ముక్కే పనిచేయదు. వాసన ఆగిందంటే గ్యాసు పోయిందనుకోకు. గ్యాసు పసిగట్టే మీటర్ జేబులో కాదు, ఛాతీ దగ్గర తగిలించుకో. శాంపిల్ తీసేటప్పుడు గాలి నీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడు. సీనియర్లు ఎగతాళి చేస్తే చేయనీ.

మొదటి నెల పాత ఆపరేటర్ వెంట తిరిగి లైన్లు చేత్తో గీసుకో. స్క్రీన్ మీద చూస్తే వాల్వు ఎంత ఎత్తున ఉందో తెలియదు. షిఫ్టు ఎక్కగానే లాగ్‌బుక్ చదివి, ఏ క్రూడ్ నడుస్తోందో అడుగు. తేలికదైతే నాఫ్తా ఎక్కువ, బరువుదైతే అడుగు సరుకు ఎక్కువ. దాన్నిబట్టే ఆ రోజు నీ టెంపరేచర్లు.

మీ మామయ్య