గట్టిగా తొక్కితే వెనక గెంతుతోంది, ఏ లీఫ్ స్ప్రింగ్స్ వెయ్యాలి?

ప్రశ్న: నా దగ్గర 1967 షెవర్లే కమారో కారు ఉందండి, 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్. వెనక ఒక్కో పక్క ఒకటే పట్టీ (లీఫ్) ఉన్న పాత స్ప్రింగ్సే ఇంకా ఉన్నాయి. వెనక భాగం బాగా కిందికి దిగిపోయింది, ఆగిన చోటి నుంచి గట్టిగా తొక్కితే చక్రాలు దడదడా గెంతుతున్నాయి. ఐదు పట్టీల సెట్ వేసేస్తే సరిపోతుందా?

జవాబు: స్ప్రింగ్స్ మార్చాల్సిందే, కానీ ఐదు పట్టీలు అని ముందే ఫిక్స్ అయిపోకండి. ఇంజన్ చక్రాల్ని ముందుకి తిప్పుతుంటే యాక్సిల్ హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే గొట్టం) దానికి ఎదురు తిరగాలని చూస్తుంది, పినియన్ ముక్కు, అంటే ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ తగిలే ముందు కొస, పైకి లేస్తుంది, మీ ఒంటి పట్టీ దాన్ని ఆపలేక ఎస్ ఆకారంలో మెలిపడుతుంది, ఈలోగా టైరు పట్టు జారగానే పట్టీ ఒక్కసారిగా మామూలుగా అయిపోతుంది, మళ్ళీ పట్టు దొరుకుతుంది మళ్ళీ మెలిపడుతుంది, ఆ దడదడ ఇదే. షెవర్లే వాళ్ళు 67లోనే పవర్ ఎక్కువున్న మోడల్స్‌కి కుడి పక్క ఒక రాడ్ పెట్టారు, 68కి వచ్చేసరికి షాక్ అబ్జార్బర్లని ఒకటి యాక్సిల్ ముందు, ఒకటి వెనక పెట్టి పెద్ద ఇంజన్లకి మల్టీలీఫ్ (ఎక్కువ పట్టీల స్ప్రింగ్) ఇచ్చారు. నాకైతే క్రైస్లర్ పద్ధతి ఇంకా నచ్చుతుంది, స్ప్రింగ్‌లో యాక్సిల్ నుంచి ముందు బుష్ (కొసన బోల్టు చుట్టూ ఉండే మెత్తటి రింగు) దాకా ఉండే భాగాన్ని పొట్టిగా, గట్టిగా చేసేశారు, మెలిపడే అవకాశమే తగ్గిపోయింది.

అందుకే పట్టీలు ఎన్ని అని కాదు, స్ప్రింగ్ రేటు (ఎంత బరువుకి ఎంత వంగుతుంది) ఎంత, ముందు సగం ఎంత గట్టిగా ఉంది అని అడగండి. రోడ్డు మీద తిప్పుకునే బండికి నాలుగు పట్టీలు చాలు. మరీ గట్టివి వేస్తే ట్రంక్ ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో వెనక ఎగిరిపడుతుంది. నాలుగు వేశాక కూడా గెంతితే అప్పుడు యాక్సిల్ మెలిపడకుండా ఆపే ట్రాక్షన్ బార్లు చూద్దాం.

ఒంటి పట్టీ కోసం చేసిన ప్లేట్లు, బోల్టులు మల్టీలీఫ్ మందానికి సరిపోవు కాబట్టి కన్వర్షన్ కిట్ తెప్పించుకోండి, యూ-బోల్టులు మాత్రం ఖచ్చితంగా కొత్తవే వెయ్యండి, ఒకసారి బిగించి సాగినవి మళ్ళీ వాడొద్దు. ముందు బ్రాకెట్ బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి, బలవంతంగా తిప్పితే బాడీలో ఉన్న నట్టు ఊడి తిరుగుతుంది, ఇక అది పెద్ద పని.

ఇంకోటి, చాలామంది ఇక్కడే పాడుచేస్తారు: రబ్బరు బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా ఫుల్‌గా బిగించకండి. బరువు చక్రాల మీదకి దిగాకే బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. కొత్తలో వెనక కాస్త ఎత్తుగా కనిపిస్తే కంగారొద్దు, కొన్నాళ్ళు తిరిగాక సర్దుకుంటుంది. అప్పుడే పినియన్ యాంగిల్ (పినియన్ ముక్కు వాలు) కొలవండి, తేడా ఉంటే స్ప్రింగ్‌కీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జ్ షిమ్ (ఏటవాలు రేకు) పెడితే సరిపోతుంది.

ప్రశ్న: రబ్బరు బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే మంచిదా?

జవాబు: రోజూ తిప్పే బండికైతే రబ్బరే నా ఓటు. మలుపుల్లో పట్టీ కొంచెం మెలి తిరగాలి, రబ్బరు దానికి చోటిస్తుంది, పాలీ అంతగా ఇవ్వదు. గ్రీజు లేకపోతే కీచుమంటుంది కూడా. డ్రాగ్ స్ట్రిప్‌కే (తిన్నటి రేసు ట్రాక్‌కి) ఎక్కువ తీసుకెళ్తారంటే ముందు వైపు పాలీ వేసుకోండి, వెనక షాకిల్‌లో (స్ప్రింగ్ వెనక కొసని బాడీకి కలిపే ఊగే లింకులో) రబ్బరు ఉంచెయ్యండి.